పూజనాడు వేయాల్సిన స్విచ్

అక్టోబర్ 7, 2002
ల్యాబ్‌లో అడుగు పెట్టేసరికి సర్వర్ ముందు జ్యోతి, చుట్టూ పిల్లలు. లినక్స్‌కు గుండెకాయలాంటి కెర్నెల్, కొత్తది తనే కంపైల్ చేసిందట. "భలే చేశారండీ మేడమ్!" మేడమట! చల్లపల్లి నుంచి ఉద్యోగానికొచ్చి మూడు నెలలు కాలేదు. ఈ సర్వర్‌లో మొదట లినక్స్ ఎక్కించింది నేను. ఒక్కడైనా భలే అన్నాడా?

అక్టోబర్ 8
కుళ్ళు. ఔను, కుళ్ళే. కడుపు మండిపోతోంది.

అక్టోబర్ 10
జ్యోతి భోజనానికి వెళ్ళినప్పుడు సర్వర్‌లో చూశాను. కెర్నెల్ ఎక్కడుందో చూపే లింకును కొత్తదానికి తిప్పింది. జాగా చాలక పాతది తీసేసింది. లిలో ప్రోగ్రామ్ మాత్రం మళ్ళీ నడపలేదు! మెషీన్‌ను లేపేది ఆ లిలోనే. దానికి లింకులు పట్టవు, డిస్కులో పాత కెర్నెల్ ఉన్న చోటే గుర్తు. మనం ఇల్లు మారినా పాత గుమ్మంలోనే పాలప్యాకెట్ పడేసిపోయే రకం.
సర్వర్‌ను ఆపేది ఏటా ఆయుధపూజకే. మళ్ళీ వేస్తే లేవదని అందాకా ఎవరికీ తెలియదు. ఒక్కసారి లిలో అని కొట్టి ఎంటర్ నొక్కితే చాలు, కొత్త చోటు గుర్తుపెట్టుకుంటుంది…
నొక్కలేదు.

అక్టోబర్ 11
ప్రిన్సిపల్ గారు — "ఏటా మీరే వేస్తున్నారుగా. ఈసారి పూజయ్యాక స్విచ్ జ్యోతి గారు వేస్తారు." తల ఊపాను. ఇంకేం చేస్తా!

అక్టోబర్ 12
"సార్, ఒక్కసారి చూసిపెట్టరూ? ఏదన్నా మర్చిపోయానేమో…" అంది జ్యోతి.
"అంతా బాగానే ఉందమ్మా." అనేశాను.
ఇంటికొచ్చి, లేవని మెషీన్‌ను లేపే రెస్క్యూ ఫ్లాపీ రాసుకున్నాను. సర్వర్ ఆగిపోవాలి. అందరూ చూస్తుండగా నేను లేపాలి.

అక్టోబర్ 13
అన్నం సయించలేదు. రేపు కాస్త ముందే వెళ్ళి సరిచేస్తే… చూద్దాం.

అక్టోబర్ 14
వెళ్ళేసరికే మెషీన్ ఆపేశారు, ఇక లిలో నడిపే వీల్లేదు. సర్వర్‌కు కుంకుమ బొట్లు, చామంతి దండ. ప్రిన్సిపల్ గారు కొబ్బరికాయ కొట్టారు. "ఊఁ, కానివ్వండి జ్యోతి గారూ."
తను నావైపు తిరిగింది. "అయ్యో, సార్ ఉండగా నేనేంటండీ! ఆయన పెట్టిన ల్యాబండీ ఇది. మీరే వెయ్యండి సార్."
పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు!
వేశాను. లోడింగ్ అని వచ్చింది. అంతే, ఆగిపోయింది.
జ్యోతి కళ్ళల్లో నీళ్ళు. "సార్ బాగుందన్నారండీ. ఆ తర్వాత నేనే ఏదో కెలికుంటాను."
ఫ్లాపీ జేబులోనే ఉంది. తీయడానికి చెయ్యి రాలేదు.
రేపు పండగైనా వస్తుందట. "మీరు సరిచేస్తుంటే పక్కన కూర్చుని నేర్చుకుంటానండీ" అంది.
ఏం నేర్పను?