నీలి లైటు పడక ముందు రంగు

గురువారం, మహబూబాబాద్. బస్సులు ఇవాళ కూడా లేవు.

మా క్లినిక్ పెద్ద డాక్టరును తలుచుకుంటేనే ఒళ్లు మండుతోంది. తెలంగాణ కోసం చేసిన రాస్తారోకోలో పోలీసు లాఠీ తగిలి ముందుపన్ను విరిగిన భద్రు తండా నుంచి నడిచొచ్చాడు. పన్ను కట్టే ముద్దను ఆయన పచ్చిగానే పక్కపంటి మీద పెట్టి, రంగు కలిసిందన్నాడు. నీలి లైటుకు గట్టిపడితే ఆ ముద్దలో పసుపు పోయి తెల్లబడుతుంది.

"జర లైటు కొట్టి రంగు చూద్దాం సార్" అన్నాను.

"జరా? ముందు తెలుగు నేర్చుకోమ్మా" అని నవ్వాడు. నేను అదే ముద్దతో పన్ను కట్టి లైటు పట్టాను.

పన్ను సున్నం కొట్టిన గోడలా తేలింది. "లైటు ఎక్కువసేపు పట్టావు" అని తప్పు నామీదకు తోసి వెళ్లిపోయాడు, సిగ్గులేని మనిషి.

భద్రు అద్దం దించాడు. "రేపు దీక్షా శిబిరంల మాట్లాడాలె. అందరు నా పన్నే చూస్తరు. గిట్లయితదని నీకు ముందే ఎర్కనా డాక్టరమ్మా?"

ఎరుకేనన్నాను.

"మరెందుకు జేసినవ్?"

రేపు పొద్దున్నే తీసి మళ్లీ కడతానని మాట మార్చాను. అతను లాఠీకి కూడా వెనక్కి తగ్గలేదు. నేను సారు ఒక్క నవ్వుకే తగ్గిపోయాను.