పటేలప్ప కుడి చెంప

బాగేపల్లి, 1957. సోమవారం రాత్రి.

లోక్‌సభకు నిలబడుతున్న మా ఊరిపెద్ద పటేలప్ప, రేపు చిక్కబళ్ళాపురం సర్కారు కచేరీలో నామినేషన్ వెయ్యాలని, దీపాలు పెట్టే వేళకు నన్ను గడ్డం గీయడానికి పిలిపించాడు. ఎడమ చెంప అయింది. నురగతోనే ఉపన్యాసం మొదలుపెట్టాడు.

"ఢిల్లీ సభలో దేశమంతా ఉండాది రా. అన్ని కులాలోళ్ళూ ఉండారు."

"మా మంగలోళ్ళు ఎంతమంది ఉండారప్పా?"

పగలబడి నవ్వాడు. "మీరు పోయి ఆడ కూచుంటే, ఈడ మాకు గడ్డాలెవురు గీస్తారు రా?"

ముప్పై ఏళ్ళుగా ఆ గొంతు మీద మా నాయన కత్తి, ఆ తర్వాత నా కత్తి ఆడాయి. ఒక్క గాటు పడలేదు. ఈరోజూ పడలేదు. కత్తి మడిచి పెట్టెలో పెట్టేశాను.

"సగం గడ్డంతో ఎట్ల పోయేది రా నేను?" అని అరిచాడు.

"సగం జనం లేని సభకు సగం గడ్డం చాలు గదప్పా."

ఊళ్ళో మిగతా ఇద్దరు మంగళ్ళూ మా చిన్నాన్నలే. ఆ గడ్డం ముట్టుకోవద్దని వాళ్ళకు కబురు పెట్టేశాను. రేపు మంగళవారం, ఆ ఇంట్లో మంగళవారం గడ్డానికి కత్తి తగలనివ్వరు.

ఆయన మనుషులు వస్తారేమోనని మా ఆవిడ తలుపు గడియ రెండుసార్లు చూసింది. నాకూ భయంగానే ఉంది. అయినా పొద్దున మొదటి బస్సుకే పోతాను. కచేరీ మెట్ల దగ్గర నిలబడి, అందరి ముందూ ఆ కుడి చెంపను కళ్ళారా చూడాలి.