వెనక వరుసలో లచ్చక్క

శుక్రవారం, రాత్రి

నేను తయారుచేసిచ్చిన తెల్లాపూర్ గేటెడ్ కమ్యూనిటీ సావనీర్ పుస్తకం ఫైలు ఫోన్లలో తెరుచుకోవడం లేదని సెక్రటరీ గారు పొద్దున్నే ఫోన్ చేశారు. "ఎలాగైనా సైజు తగ్గించి పంపండమ్మా," అన్నారు. తగ్గించాను, పంపాను. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

మధ్యాహ్నం అక్కడ ఊడ్చే యాదమ్మ హఫీజ్‌పేట్‌లో మా డీటీపీ షాపు వెతుక్కుంటూ వచ్చింది. ఫోన్‌లో ఆ సావనీర్ తెరిచి సిబ్బంది గ్రూప్ ఫోటో చూపించింది. వెనక వరుస మొహాలన్నీ గళ్లు గళ్లుగా చెదిరిపోయాయి.

"మీ మొహం సరిచేస్తాలెండి," అన్నాను.

"నాది పోతే పోనీ మేడం. నాతోని ఊడ్చిన మా లచ్చక్కది జర మంచిగ చెయ్యి. వానాకాలంల జెరమొచ్చి పాణం పోయింది. ఆమెది ఇంకో ఫోటో లేదు."

తప్పంతా నా అలవాటుదే. తెలుగు అక్షరాలు వేరేవాళ్ల ఫోన్‌లో విరిగిపోతాయన్న భయంతో మా డీటీపీ వాళ్లం ప్రతి పేజీనీ బొమ్మగా మార్చేస్తాం. ఫైలు బరువెక్కుతుంది. దాన్ని కుదిస్తే ముందు పోయేది మొహాలే. ఈసారి ఫాంట్‌ను ఫైల్లోనే చేర్చి, అక్షరాలను అక్షరాలుగానే వదిలేశాను. ఫోటోను ముట్టుకోలేదు. అయినా ఫైలు చిన్నదైంది. సెక్రటరీ గారికీ, యాదమ్మకూ అదే పంపాను.

యాదమ్మ రెండు వేళ్లతో ఫోటో పెద్దది చేసుకుంది. చాలాసేపు చూసింది.

"నవ్వుతున్నది సూడు మేడం," అంది.

ఎవరి ఫోన్‌లోనైనా అక్షరం విరిగితే రేపు సెక్రటరీ గారు ఏమంటారో... అననీ. ఇన్నేళ్లుగా నేను కాపాడుకొస్తున్న ఒత్తులూ దీర్ఘాలూ ఆ పేజీ నిండా ఉన్నాయి. యాదమ్మకు చదవడం రాదు.