పుంగనూరు బడిగోడ మీది దేశాలు

రామప్పా,

నువ్వు పోయి ఆరేళ్లు. మన పుంగనూరు బడిగోడ మీద నువ్వు వేసిన ప్రపంచ పటానికి నిన్న సున్నం కొట్టించారు.

సోవియట్ రష్యా ముక్కలైనప్పుడు నేను పేపరు చూసి కొత్త దేశాల పేర్లు చదువుతుంటే, నువ్వు స్టూలెక్కి నల్ల ఎనామిల్ పెయింటుతో సరిహద్దులు గీశావు. ప్రతి గీత దగ్గరా కుంచె ఆపి, "దీని కింద ఎవురిండ్లు పోతాండాయో ఏమోప్పా" అనేవాడివి. రంగుసున్నం చాలక మూడు దేశాలకు ఒకే పచ్చ పూశావు. డ్రాయింగు మాస్టరుకు ఇంత బాధెందుకని, సోషల్ చెప్పే నేను నవ్వాను.

నువ్వు పోయాక తూర్పు తిమోరు వేరే దేశమైతే ఆ గీత నేనే గీశాను. నీ మాటే నా నోటికొచ్చింది. మొన్న మాంటెనెగ్రో అని ఇంకో దేశం పుట్టింది. స్టూలు దాకా వెళ్లాను గానీ ఎక్కలేకపోయాను. మోకాళ్ల నొప్పని హెడ్మాస్టరుకు చెప్పాను.

"ఎన్నిటినని గీస్తావు సార్? సున్నం కొట్టిచ్చేస్తాంలే" అన్నాడాయన. నేను వద్దనలేదు.

రెండు కోటింగులు వేశారు. ఈ పొద్దు వెళ్లి చూశాను. నువ్వు పూసిన రంగులన్నీ పోయాయి. గీతలు మాత్రం సున్నంలోంచి కనబడుతూనే ఉన్నాయి.