కెజయా చదివిన కాగితం

సిన్సినాటి, 1844 మార్చి 6

అమ్మకు,

నేను కులాసా.

మా బడిలో కెజయా అని, బట్టలుతికి బతికే నలభయ్యేళ్ళావిడ చదువుకుంటోంది. నది అవతలి దొర బానిసత్వం నుంచి వదిలేస్తూ ఇచ్చిన విడుదల కాగితం నిన్న తనే కూడబలుక్కుని చదివింది.

"పంతులమ్మా, ఇందులో నా పేరొక్కటే ఉంది. నా టెంపీ పేరేది?" అంది.

మూడుసార్లు చూశాను. లేదు. కూతురిక్కూడా విడుదలైందనే ఆరేళ్ళుగా నమ్ముకుంది. దొర మనుషులు ఎప్పుడైనా వచ్చి పిల్లని పట్టుకుపోవచ్చు.

"చదవకపోతేనే బాగుండేదేమో" అన్నాను, నోరు జారి.

"చదవబట్టేగా, ముందే పారిపోతున్నాం" అంది.

ఈ ఉత్తరమిచ్చి ఇద్దర్నీ నీ దగ్గరికి పంపుతున్నాను. రెండ్రోజులుంచుకుని, దొర చేతికందని కెనడా దారి పట్టించు. టెంపీకి దగ్గు, నా పాత ఉన్ని కోటు ఇవ్వు. నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? ఆయనకు నా దండాలు.

ఈసారి ఉత్తరం చదివిపెట్టమని పక్కింటివాళ్ళని పిలవక్కర్లేకపోయింది కదా. ఇది నీకు చదివి వినిపిస్తున్నది కెజయాయే.

నీ లవీనియా