టిచ్చు బటన్ల చొక్కా

ప్రియమైన నాన్నా,

క్షేమం. ఇక్కడి ఫిరంగుల మోత నీ కుట్టుమిషను మోత కన్నా కాస్త ఎక్కువ, అంతే. మా పటాలంలో అందరి చిరుగులూ నేనే కుడుతున్నాను. నిన్న మా ఆఫీసరు ప్యాంటు వెనక చిరిగింది. నేను కుట్టి ఇచ్చేదాకా పాపం గోడకు ఆనుకునే ఆజ్ఞలిచ్చాడు! యుద్ధం అయ్యాక కొట్టు నాకప్పజెప్పి, నువ్వు అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని తిట్టుకుందువుగాని.

నీ చిన్నదర్జీ

మా చిన్నదర్జీకి దీవెనలు.

ఆఫీసరు ప్యాంటు సంగతి ఎవరికీ చెప్పొద్దన్నాను. మీ అమ్మ ఇరుగుపొరుగుకి ముందు అదే చదివి వినిపించింది. మీవైపు పెద్ద దాడి జరిగిందని రేడియోలో చెప్పారు. రెండు ముక్కలు రాయరా, ముద్ద దిగడం లేదు. నువ్వొచ్చేసరికి కొత్త చొక్కా కుట్టి ఉంచుతాను. ఏ రంగు?

మీ నాన్న

ప్రియమైన నాన్నా,

ఆలస్యమైంది, కోప్పడకు. బాగానే ఉన్నాను. లారీలో కూర్చుని రాస్తున్నాను, అందుకే ఈ కోడిగీతలు. చొక్కా ఏ రంగైనా సరే. గుండీలు మాత్రం వద్దు, నొక్కితే పడే టిచ్చు బటన్లు వెయ్యి. ఇప్పుడిక్కడ అందరూ అవే తొడుగుతున్నారు. ఇంకో మాట. కొట్టుకి ఎవరినైనా పనివాణ్ణి చూసుకో. ఇక్కడే కాపలా ఉద్యోగం ఇస్తామంటున్నారు. ఇప్పట్లో ఇంటికి రాను.

నీ కొడుకు

ఒరేయ్ షోకిలా,

టిచ్చు బటన్లు పసిపిల్లల జుబ్బాలకి వేస్తాం, మీసాలొచ్చినవాళ్ళకి కాదు! ఇంటికి రానంటావేంరా? ఎవరైనా పిల్ల నచ్చిందా? చెప్పు, మీ అమ్మని నేను ఒప్పిస్తాను.

మీ నాన్న

నాయనా,

నీ జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను. చొక్కా కుట్టి, టిచ్చు బటను సరిగ్గా పడుతోందో లేదో నొక్కి చూశాను. ఒంటిచేత్తోనే టక్కున పడింది. నీ ఉత్తరం మళ్ళీ తీశాను. లారీ కుదుపుకి అక్షరాలు ఎగిరిపడతాయి గానీ, అన్నీ కూడబలుక్కుని ఒకే వైపు వాలవురా. ఎడమచేత్తో రాశావు కదూ?

అమ్మకి చెప్పాను. ఏడ్చింది, నేనూ ఏడ్చాను. తర్వాత "బతికున్నాడు కదండీ, రమ్మని రాయండి" అంది.

మోచేతికి పైనా, కిందా? ఆ కొలత రాయి, కుడిచేతి అంచు అక్కడే మడిచి కుడతాను. పనివాణ్ణి చూడను. మిషను తొక్కేది కాళ్ళతో. ఇక చేతులంటావా, నీది ఒకటి, నావి రెండు. ఈ కొట్టుకి ఇన్నాళ్ళూ రెండే ఉన్నాయి, గడవలేదూ?

నా చొక్కాలకి కూడా గుండీలన్నీ పీకేసి టిచ్చు బటన్లు వేసుకున్నాను. ఈ వయసులో ఇదేం షోకని వీధి వీధంతా నవ్వుతోంది. ఇప్పుడందరూ అవే తొడుగుతున్నారని చెప్పాను.

త్వరగా రా.

మీ నాన్న