కొండకి వదిలిన మూడడుగులు

మేస్త్రి మావయ్య గారి దివ్యసముఖానికి, పట్టా పుచ్చుకున్న ఆర్కిటెక్టునైన మీ మేనల్లుడు చేతులు కట్టుకుని రాసుకుంటున్న క్షమాపణ.

మన కొండవాలు ఇల్లు బాగుచేసేటప్పుడు, అమ్మ గది పెద్దదవ్వాలని నేను వెనక గోడని కొండకి ఆనించి గీశాను. మీరు నాతో ఒక్కమాటైనా అనకుండా మూడడుగులు ఇవతలికి కట్టేశారు. అడిగితే, "కొండకీ కాళ్ళు చాపుకోడానికి చోటుండాలి కదరా" అన్నారు. నేను ప్లాను కాగితం మీ మొహం ముందు ఊపి, నెల్లాళ్ళు మాట్లాడటం మానేశాను. ఆ నెల్లాళ్ళే పని చకచకా సాగిందని అమ్మ ఇప్పటికీ అంటుంది.

మొన్నటి వానకి వెనక వాలు జారింది. అమ్మ గది వెనక్కి పరిగెత్తాను. బురదా రాళ్ళూ మీరు వదిలిన ఆ సందులోనే హాయిగా కాళ్ళు చాపుకుని ఉన్నాయి. గోడకి ఇవతల అమ్మ మంచం మీంచి లేచి, "ఏమిటా చప్పుడు? మావయ్యతో మళ్ళీ పోట్లాట పెట్టుకున్నావా?" అంది.

మావయ్యా, వచ్చేవారం పక్కనే నా ఆఫీసు గది మొదలుపెడుతున్నాను. ప్లానులో కొండవైపు గీత గీయకుండా వదిలేశాను. మీరు సుద్దముక్క తెచ్చుకోండి. టేపు రెండో కొస నేను పట్టుకుంటాను, నోరు మూసుకుని.

ఇట్లు,
అమ్మ దక్కిన
మీ మేనల్లుడు